బోరింగు చేసిన పాత వ్యానులో నూనె జిడ్డు : కారణ పరీక్ష

ఇంజనునకు బోరింగు చేయించి, కొత్త పిస్టన్లు, రింగులు వేయించి తెచ్చిన మూడు నెలలకే సైలెన్సరు కొనయందు తడి నలుపు జిడ్డు కనిపించినచో, యజమాని మనసున మొదట కలుగునది అనుమానమే. మేస్త్రీ కొత్త రింగులకు డబ్బు తీసికొని పాతవే వేసినాడా? బోరు సరిగా తీయలేదా? వాహనము ఒక్కని సొత్తైనచో ఆ అనుమానము ఆతని ఇంటిలోనే ఉండును. ఊరివారు చందాలు వేసికొని కొన్న వాహనమైనచో అది రచ్చబండ కెక్కును. అచ్చటినుండి పంచాయతీ సభ్యుల ముందునకు వచ్చును. ఒకరు మేస్త్రీని దొంగ యందురు. వేరొకరు డ్రైవరును తప్పు పట్టుదురు. ఇంజనును తిరిగి విప్పించుటకు మరల చందా వేయవలె ననువారును ఉందురు. మేము చూచినంతవరకు, ఇట్టి వాదములలో ఆయిలు మూత విప్పి చూచి మాటలాడువారు తక్కువ.

జిడ్డు జ్వరము వంటిది. జ్వరమునకు కారణములు పది. జ్వరము వచ్చినదని రోగి పొట్టను కోయు వైద్యుడు లేడు గదా. ఇంజను విషయమునందును ఆ క్రమమునే పాటింపవలెను. జిడ్డు ఎచ్చట నున్నది, ఏ రంగున నున్నది, ఎప్పుడు పెరుగుచున్నది అను మూడు ప్రశ్నలకు సమాధానము దొరకినచో, సగము కారణములు ఖర్చు లేకుండగనే తొలగిపోవును.

ఉదాహరణమునకు మేము తీసికొనునది ఒక పాత మెటాడోర్ వ్యాను. పూణెలోని బజాజ్ టెంపో కంపెనీ (2005లో ఫోర్స్ మోటార్స్ అని పేరు మార్చుకొన్నది) చేసిన ఈ వ్యానులు ఒకప్పుడు పెండ్లివారిని, పాలడబ్బాలను, కూరగాయల బుట్టలను భేదము లేక మోసినవి. తరువాతి మెటాడోర్లలో పెక్కింటికి డైమ్లర్-బెంజ్ వారి రూపకల్పన ననుసరించి మన దేశమున తయారైన ఓఎం 616 డీజిలు ఇంజను ఉండెను. నాలుగు సిలిండర్లు, 2.4 లీటర్లు. టర్బో లేదు, కంప్యూటరు లేదు. కనుకనే అది నేటికిని చిన్న షెడ్డులోని మేస్త్రీ చేతికి లొంగును.

ఈ వ్యానును ఒక గ్రామ యువజన సంఘమువారు కొని, వైకుంఠరథముగా మార్చిరి. వాహనము పంచాయతీ పేర లేదు, సంఘము పేర నున్నది. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన కేంద్ర నిబంధన ప్రకారము, ప్రభుత్వ శాఖలకును స్థానిక సంస్థలకును చెందిన వాహనములకు 15 సంవత్సరములు నిండిన పిమ్మట రిజిస్ట్రేషను పునరుద్ధరింపబడదు. పాత వ్యానును పంచాయతీ పేర ఉంచుకొందమని తలచువారు ఈ విషయము మరువరాదు. వాహనము సంఘమువారిదే యైనను, తగవు మాత్రము సర్పంచి ఇంటి అరుగు మీదికే వచ్చినది.

వైకుంఠరథపు బ్రతుకు ఇంజనునకు మిక్కిలి కష్టమైన బ్రతుకు. చూచుటకు పని తక్కువ. ఇంటినుండి శ్మశానమునకు ఒకటి రెండు కిలోమీటర్లు. డప్పుల వెనుక, మనుష్యుల అడుగుతో అడుగు. గంటసేపు ఇంజను ఆడును గాని బరువు లాగదు, వేడెక్కదు. పిమ్మట పదిదినములు కదలదు. లారీ ఇంజను పనిచేసి అరుగును. ఈ ఇంజను పనిలేక చెడును. మొక్కలకు నీరు పోయుచు అడుగడుగునకు ఆగు ట్యాంకరు ట్రాక్టరు పరిస్థితియు ఇట్టిదే. 2019లో ఆరంభమైన పల్లె ప్రగతి కార్యక్రమమున తెలంగాణములోని గ్రామపంచాయతీలకు ట్రాక్టరు, ట్రాలీ, ట్యాంకరు సమకూడినవి. వాని ఇంజనులు విప్పవలసిన కాలము దగ్గరపడుచున్నది గావున, దిగువ చెప్పునది పంచాయతీ సభ్యులకు నేరుగా పనికివచ్చును.

మూత క్రింది మీగడ

ఆయిలు పోయు మూతను విప్పి చూచినప్పుడు లోపలివైపున పాలమీగడ వంటి తెల్లని, లేత గోధుమరంగు జిడ్డు కనిపించును. దీనిని చూచినవెంటనే "హెడ్డు ప్యాకింగు పోయినది, నీరు ఆయిలులో కలిసినది" అని తీర్పు చెప్పు మేస్త్రీలు కలరు. తొందరపడరాదు. ఒక లీటరు డీజిలు మండినప్పుడు సుమారు ఒక లీటరు నీరు ఆవిరి రూపమున పుట్టును. దానిలో అధికభాగము సైలెన్సరు గుండ పోవును; కొంచెము మాత్రము రింగుల సందులనుండి క్రింది ఛాంబరులోనికి దిగును. ఇంజను బాగుగా వేడెక్కినచో ఆ ఆవిరి బ్రీదరు గొట్టము గుండ వెలుపలికి పోవును. వేడెక్కనిచో చల్లని మూతకు తగిలి, అన్నపు గిన్నె మూతకు చెమ్మ పట్టినట్లు నీరై, ఆయిలుతో కలిసి మీగడ కట్టును. చలికాలపు ఉదయములందు ఇది మరింత ఎక్కువ.

కావున మూతనొక్కదానిని చూచి నిర్ణయింపరాదు. డిప్‌స్టిక్కును తీసి చూడవలెను. పుల్లమీది ఆయిలు స్వచ్ఛముగ నుండి, మూతక్రింద మాత్రమే మీగడ యున్నచో అది చెమ్మ. పుల్లమీదికూడ పాలవలె నున్నచో అది నీరు. సందేహము మిగిలినచో ఇంకొక పరీక్ష గలదు. పాత ఇనుప పెనమును నీటిచుక్క వేసినంతనే ఎగిరిపోవునంత వేడిచేసి, దించి, డిప్‌స్టిక్కునుండి ఒక ఆయిలు చుక్కను దానిపై వదలవలెను. నీరున్నచో చిటపటలాడును, లేనిచో ఊరక పరచుకొని పొగయును. ప్రక్కన కొత్త ఆయిలు చుక్కను వేసి పోల్చినచో మరియు స్పష్టము. ముఖము దూరముగ నుంచుకొనవలెను. ఆ పెనమును మరల వంటకు వాడరాదని గృహిణులు మాకు చెప్పనక్కరలేకుండగనే చెప్పుదురు.

ఆయిలు మట్టము పెరుగుచు, పలుచబడి, డీజిలు వాసన వేయుచున్నచో కథ వేరు. నాజిలు కారుచుండవచ్చును, లేక పంపు సీలు పోయియుండవచ్చును. పలుచనైన ఆయిలు బేరింగులను తినివేయును. అట్టి ఇంజనును ఆ దినముననే ఆపవలెను.

రేడియేటరులోని తెట్టె

ఇంజను పూర్తిగా చల్లారిన పిమ్మటనే రేడియేటరు మూత విప్పవలెను. వేడిమీద విప్పి ముఖము కాల్చుకొన్న డ్రైవర్లు ప్రతి తాలూకాలోను ఉన్నారు. నీటిపై రంగులు తేలు పలుచని పొర కనిపించినను, గోధుమరంగు తెట్టె కనిపించినను, ఆయిలు నీటిలోనికి పోవుచున్నదని అర్థము. ఇంజను నడచునప్పుడు ఆయిలు పీడనము నీటి పీడనముకంటె హెచ్చు; కనుక చిల్లు పడినచోట ఆయిలే నీటిలోనికి దూరును. ఇంజనును ఆపినపిమ్మట ఆయిలు పీడనము పడిపోవును గాని, వేడినీటి పీడనము కొంతసేపు నిలిచియుండును. అప్పుడు నీరు ఆయిలులోనికి దిగును. ఒకే చిల్లు రెండువైపుల చెరుపు చేయుట కిదియే కారణము.

అయితే కొత్తగా బోరింగు చేసిన ఇంజనుకు ఒక మినహాయింపు కలదు. పూర్వపు జబ్బునాటి తెట్టె నీటిదారుల మూలలయందు అంటుకొని యుండి, కొత్త ఇంజను వేడికి ఊడివచ్చును. దీనిని చూచి హెడ్డు విప్పరాదు. నీరంతయు వదలి, రెండుమూడు మార్లు కడిగి, కొత్త నీరు పోసి, పదిహేను దినములు నడిపి తిరిగి చూడవలెను. మరల తెట్టె వచ్చినచో అది పాతది కాదు.

మండు వాయువు నీటిలోనికి దూరుచున్నదా అని తెలిసికొనుటకు, చల్లని ఇంజనులో రేడియేటరును అంచువరకు నింపి, మూత లేకయే స్టార్టు చేసి చూడవలెను. మొదట చిక్కుకొన్న గాలి బుడగలు కొన్ని వచ్చి ఆగిపోవును. ఆగక, ఇంజను వేగముతోపాటు పెరుగుచు వచ్చు బుడగలు ప్యాకింగు దోషమునో, హెడ్డు పగులునో తెలుపును. ఏ సిలిండరో తెలియుటకు మేస్త్రీలు ఒక్కొక్క నాజిలు పైపు నట్టును వదులుచేసి, ఏది వదలినప్పుడు బుడగలు ఆగునో చూతురు. ఇది మేస్త్రీ పని. ఆ పైపునుండి చిమ్ము డీజిలు చర్మమును చీల్చుకొని లోనికి పోగలంత బలము కలది. అభ్యాసము లేనివారు చేయిపెట్టరాదు.

సైలెన్సరు కొనయందలి తడి

తగవునకు మూలము తరచుగా ఇదియే. కంటికి కనబడునది, వ్రేలి కంటునది ఇదియే గావున.

బోరింగులో సిలిండరు గోడలపై సన్నని అడ్డగీతలు గీయుదురు. దానికే హోనింగు అని పేరు. ఆ గీతలలో ఆయిలు నిలిచి, వాని గరుకుదనమున కొత్త రింగులు కొంచెము కొంచెముగా అరిగి గోడకు కుదురుకొనును. రింగులను గోడకు నొక్కునది ముఖ్యముగా మండు వాయువు పీడనమే. బరువు లాగనిచో పీడనము తక్కువ, రింగులు కుదురుకొనవు. గోడమీది ఆయిలు అరకొరగా కాలి, గాజువలె నునుపైన గట్టి పూత యగును. గీతలు పూడిపోవును. పిమ్మట ఎన్ని దినములు నడిపినను రింగులు కుదురుట కష్టము. ఆయిలు పైకెక్కుచునే యుండును.

"కొత్త ఇంజను, మెల్లగా నడుపుము" అని మేస్త్రీ చెప్పిన మాటను మనవారు తప్పుగా గ్రహింతురు. అధిక బరువు వేయవద్దు, పెడల్‌ను చివరవరకు తొక్కవద్దు అని దాని భావము. నిలబెట్టి గంటలకొలది ఆడించుమని కాదు. అట్లాడించుట కొత్త ఇంజనునకు అధిక బరువుకంటె తక్కువ హాని చేయునది కాదని మా అభిప్రాయము.

పొగ చాలవరకు చెప్పును. నల్లపొగ డీజిలు ఎక్కువై గాలి తక్కువైనదనుటకు గుర్తు. ఉదయము స్టార్టు చేసినప్పుడు కొద్దిసేపు వచ్చు తెల్లపొగ మండని డీజిలుది. వేడెక్కిన తరువాత కూడ తెల్లపొగ ఆగక, రేడియేటరులో నీరు తరుగుచున్నచో నీటిని అనుమానింపవలెను. నీలిపొగ ఆయిలుది. అది ఎప్పుడు వచ్చునో కనిపెట్టుట ముఖ్యము. చాలసేపు నిలిపియుంచి ఒక్కసారి పెడల్ తొక్కినప్పుడు గుప్పున వచ్చి ఆగినచో వాల్వు గైడ్లను, వాల్వు సీళ్ళను చూడవలెను. బరువు లాగుచున్నంతసేపు ఎడతెగక వచ్చుచున్నచో రింగులను చూడవలెను. సీళ్ళకొరకు బోరింగు అక్కరలేదు. ఈ భేదము తెలియక ఇంజను మొత్తము విప్పించినవారు కలరు.

పొగ విశేషముగా లేక, కొనయందు తడి మాత్రమే యున్నచో, అది పలుమార్లు సగము మండిన డీజిలును కొంచెము ఆయిలును కలిసిన నలుపు. చల్లగా ఆడు డీజిలు ఇంజనులకు ఇది సహజము.

ఊపిరి గొట్టము

బ్రీదరు గొట్టము ఇంజనుయొక్క ముక్కు. రింగులు దాటివచ్చిన వాయువు దాని గుండ పోవలెను. అది నలిగినను, మడత పడినను, లోపలి వలకు జిడ్డు పట్టినను, ఛాంబరులో ఒత్తిడి పెరిగి ఆయిలు ఏ సీలు బలహీనముగ నున్నదో అచ్చటినుండి చెమర్చును. మంచి సీళ్ళను మార్చి మార్చి విసిగిన పిమ్మట గొట్టము నలిగినదని తెలిసినచో నవ్వవలెనో ఏడ్వవలెనో తెలియదు.

ఇంజను వేడెక్కి నెమ్మదిగా ఆడుచుండగా ఆయిలు మూతను విప్పి, అదే రంధ్రముపై తలక్రిందుగా ఉంచి చూడవలెను. కొంచెము కదలాడినచో చింత లేదు. ఎగిరిపడినచో వాయువు ఎక్కువగా దిగుచున్నది. ఇది తూకము కాదు, అంచనా మాత్రమే. నిక్కమైన లెక్క కావలెనన్నచో కంప్రెషన్ గేజితో నాలుగు సిలిండర్లను కొలిపించి, కంపెనీ పుస్తకములోని అంకెతోను, ఒకదానితో నొకటియు పోల్చవలెను. మూడు సమముగ నుండి ఒకటి పడిపోయినచో ఆ ఒక్కదానిలోనే దోషము.

ఆ వ్యానులో తేలినది

ఇక మన వైకుంఠరథము సంగతి. మూత క్రింద మీగడ, సైలెన్సరు కొనయందు తడి, ఇంజను ప్రక్కన చెమట, ఈ మూడును ఉండెను. పెనము మీది చుక్క చిటపటలాడలేదు. రేడియేటరు నీరు నిర్మలము. బుడగలు మొదట కొన్ని వచ్చి ఆగినవి. అంతటితో హెడ్డు మాట పోయినది.

డిప్‌స్టిక్కు చూడగా ఆయిలు పై గీతకు వ్రేలెడు మీద నుండెను. డ్రైవరు చెప్పినదేమనగా, వెలుపల ఆయిలు కనిపించుచున్నందున లోపల తరుగుచున్నదని తలచి పోయుచుంటినని. ఆతడు కొలిచినది చెరువుగట్టు ప్రక్క ఏటవాలులో, ఇంజను ఆపినంతనే. ఆయిలు పైనుండి ఛాంబరులోనికి దిగుటకు కొంత వ్యవధి పట్టును. సమతలముపై ఆపి పది నిమిషములు ఆగి కొలిచిననే సరియైన మట్టము తెలియును. మట్టము మించినప్పుడు క్రాంకు ఆయిలును మజ్జిగవలె చిలికి నురుగు చేయును. ఆ నురుగు బ్రీదరు దారి పట్టును.

బ్రీదరు దారియో మూసికొని యుండెను. ఊరేగింపు మైకు బ్యాటరీకై బిగించిన ఇనుపపట్టీ క్రింద గొట్టము చప్పిడిగా నలిగియుండెను. బోరింగు చేసిన మేస్త్రీకి ఆ పట్టీతో సంబంధము లేదు. ఇంజను బిగించిన పిమ్మట వెల్డింగు షాపులో వేయించినది.

గొట్టము సరిచేసి, అదనపు ఆయిలును తీసి, వెలుపల అంతయు తుడిచి, సైలెన్సరు కొనను గుడ్డతో శుభ్రముచేసి, కిలోమీటర్ల అంకెను వ్రాసికొనిరి. ఇక ఇంజనుకు బరువు చూపింపవలెను. ఇచ్చట ఒక చిక్కు వచ్చినది. ఆ వాహనమున ధాన్యపు బస్తాలు వేయుట కెవ్వరు నొప్పుకొందురు? కూరగాయలు వేయుదమన్నను ఎవరును ముందుకు రాలేదు. చివరకు శ్మశానవాటిక ప్రహరీగోడకు కావలసిన ఇటుకలను బట్టీనుండి తెచ్చు పని దానికి అప్పగించిరి. నాలుగు దినములు, పరిమితికి లోబడిన బరువుతో, పెద్ద రోడ్డుమీద, వేగమును మార్చుచు నడిపిరి. మొదటిదినము సైలెన్సరులో పేరుకొన్నదంతయు కాలి నీలిపొగ వచ్చినది. వెనుక వచ్చు మోటారుసైకిలువారు తిట్టుకొనిరి. మూడవదినమునకు పొగ తగ్గినది. కొనయందలి తడి ఆరి బూడిదరంగు పొడి మసి మిగిలినది. ప్రక్క చెమట మరల రాలేదు. మీగడ మాత్రము చలి ఉదయములందు మూతకు కొంచెము పట్టుచునే యున్నది. అది ఆ వాహనపు పనికి తప్పనిది. మేస్త్రీ పిలువకయే వచ్చి వాల్వులు సర్దిపోయెను.

అంతటను ఇట్లు సులభముగ తీరునని మేము చెప్పుట లేదు. బరువుతో నడిపిన తరువాత కూడ నీలిపొగ ఆగక, ఆయిలు తరుగుదల కొలతలో కనిపించుచున్నచో, గోడలు గాజుపూత పట్టినవని తలచి విప్పవలసినదే. అప్పుడును తిరిగి బోరింగు అవసరము కాకపోవచ్చును. బోరు కొలత సరిగ నున్నచో హోనింగు చేసి కొత్త రింగులు వేసిన చాలును. ఈ రెంటి ఖర్చులకు చాల భేదము కలదు గనుక, విప్పుటకు ముందే మేస్త్రీతో మాటలాడుకొనవలెను.

పంచాయతీ ట్రాక్టరును బోరింగుకు ఇచ్చునప్పుడు బిల్లుతోపాటు ఒక కాగితము వ్రాయించుకొనుడు. ప్రతి సిలిండరు బోరు కొలత, రింగు సందుల కొలత, హెడ్డు బోల్టులు ఏ క్రమమున ఎంత బలముతో బిగించినది, మార్చిన సామానుల పేర్లు అందుండవలెను. తీసివేసిన పాత రింగులను, బేరింగులను సంచిలో కట్టి తెప్పించుకొనుడు. పాతవే వేసినాడను అనుమానము ఆ సంచితో తీరును. మంచి మేస్త్రీ దీనికి కోపగింపడు. తనకును అదియే రక్ష.

బోరింగు తరువాతి మొదటి ఆయిలును మామూలు గడువువరకు ఉంచరాదు. మేస్త్రీ చెప్పిన మొదటి కొద్ది గంటల పనికే వేడిగా నున్నప్పుడు వదలి, పలుచని గుడ్డలో వడకట్టి, గుడ్డపై అయస్కాంతమును తిప్పి చూడుడు. సన్నని బూడిదపొడి అంటినచో అది రింగులు కుదురుకొన్నప్పటి అరుగుదల. వ్రేళ్ళకు తగులు రేకుముక్కలు కనిపించినచో ఫిల్టరును కోసి చూపించి, కారణము తెలియువరకు ఇంజను నడుపకుడు. వదలిన ఆయిలును మురుగుకాలువలో పోయక డబ్బాలో మూతపెట్టి, అధికారము పొందిన కొనుగోలుదారునకే ఇయ్యవలెను. తేదీని, పనిచేసిన గంటలను, పోసిన కొత్త ఆయిలు లీటర్లను ట్రాక్టరు లాగ్‌బుక్కులో ఆ పూటనే వ్రాయించుడు.